వార్ధక్యమున వాహనము: రెండు చక్రముల నుండి మూడింటికి

"అయ్యా, మోటారుసైకిలు నడుపుటకు ఓపిక ఉన్నది. ఆగినప్పుడు దానిని నిలబెట్టుటకే ఓపిక చాలుట లేదు" అని అరువది ఎనిమిదేండ్ల విశ్రాంత ఉపాధ్యాయులొకరు నా వద్ద వాపోయినారు. ఆ మాట అక్షరాల నిజము. 180 కిలోలకు పైబడిన బుల్లెట్టు నడుచుచున్నంతసేపు తన వేగముచేతనే నిలుచును. కూడలిలో ఆగిన క్షణమున ఆ బరువు ఒక కాలిపైకి ఒరుగును.

అరువది దాటిన వయస్సును చరకుడును, డెబ్బది దాటినదానిని సుశ్రుతుడును వార్ధక్యముగా గణించినారు. ఆ దశలో వాతమే ప్రబలము. వాతము చేరిన కీలు తాకిచూచినచో గాలి నింపిన తోలుసంచివలె తోచునని చరకుని వర్ణన. వాతరోగ కారణములలో ఏనుగు, ఒంటె, గుర్రము, వేగముగా పోవు వాహనముల నుండి పడుటను కూడ ఆయన చేర్చినాడు. నాడు మోటారుసైకిలు లేదు గాని, పడుట ఒక్కటే గదా!

బండి మానుమని చెప్పుట సులభము. వారి కుమారుడు కోరినదీ అదే. కాని గ్రంథాలయమునకు, సంతకు పోవుట మానిన మనిషి ఇంట కూర్చుండిపోవును. కదలిక తగ్గిన కీలు మరింత బిగియును. అందుచేత గేర్లు లేని స్కూటరుకు వెనుక ఇరుప్రక్కల చక్రములు అమర్చుకొనుమంటిని. దివ్యాంగులు చిరకాలముగా వాడుచున్నదే అది. కొన్నిటికి వెనుక చక్రము తీసి ఇరుసుపై రెండు చక్రములు వేయుదురు. కొన్నిటికి ఉన్న చక్రమునకు తోడుగా రెండు చేర్చుదురు. నలుగురూ నవ్వుదురని వారు సంకోచించినారు. "కళ్లజోడు పెట్టుకొన్ననాడు సిగ్గుపడితిరా?" అంటిని.

అయితే పాత అలవాటును మరచుట కొత్తది నేర్చుటకన్న కష్టము. మోటారుసైకిలు మలుపులో వాలును, ఇది వాలదు. ముందే వేగము తగ్గించి, హ్యాండిలును త్రిప్పి, శరీరమును మలుపు లోపలివైపునకు వంచవలెను. వేగముగా తిరిగినచో లోపలి చక్రము లేచి బండి బయటివైపునకు ఒరుగును. ఆగునప్పుడు కాలు దించరాదు. అలవాటుగా దించిన పాదము వెనుక చక్రము క్రింద పడవచ్చును. ముందు చక్రము గుంతను తప్పించినను ప్రక్క చక్రము అందులో దిగును. మా ఉపాధ్యాయులు పక్షము దినములు బడి మైదానమున సాధన చేసిన పిమ్మటనే వీధిలోనికి వచ్చినారు. శిరస్త్రాణము ఇక్కడ కూడ తప్పదు.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ననుసరించి ఇట్టి మార్పునకు రిజిస్ట్రేషను అధికారి అనుమతి పొందవలెను. బీమా సంస్థకును తెలుపవలెను.

తల తిరుగుట, చూపు మందగించుట, నిద్ర తెప్పించు మందులు వాడుట ఉన్నవారికి మూడవ చక్రము రక్షణ కాదు. అట్టివారు ఏ బండియు నడుపరాదు.

మోకాళ్లకు స్నానమునకు ముందు గోరువెచ్చని నువ్వులనూనె మృదువుగా మర్దించి, వావిలాకు కాచిన నీటితో కాపడము పెట్టుట మంచిది. మధుమేహముచే కాళ్లు తిమ్మిరెక్కినవారు వేడిని ఇతరులచే పరీక్షింపజేయవలెను. మోకాలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరము కూడ ఉన్నచో నూనె ముట్టక వెంటనే వైద్యుని చూడవలెను.