ఫ్యాక్టరీకి సేఫ్టీ సర్టిఫికెట్ ఉంటే ప్రమాదాలు జరగవా? అసలు విషయం ఇదీ!

ఫ్యాక్టరీ గేటు దగ్గర ‘ఐఎస్ఓ 45001’ బోర్డు కనిపిస్తే చాలు.. లోపల అంతా సేఫ్ అనుకుంటాం. నిజంగా అంతేనా?

పాత ఓహెచ్ఎస్ఏఎస్ 18001 స్థానంలో 2018లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఇది. ప్రమాదం ఎక్కడ పొంచి ఉందో కంపెనీ ముందే గుర్తిస్తోందా, కార్మికుల మాట వింటోందా, లోపాలను సరిదిద్దుతోందా.. ఆడిటర్లు చూసేది ఇదే. సర్టిఫికెట్ గడువు సాధారణంగా మూడేళ్లు. మధ్యలో ఏటా తనిఖీ ఉంటుంది.

మరి ఫలితం ఉందా? ఉంది. పాత ప్రమాణం తీసుకున్న అమెరికా సంస్థలపై జరిగిన ఓ అధ్యయనంలో గాయాలు, అనారోగ్యం కేసులు సుమారు 20 శాతం తగ్గినట్టు తేలింది.

అలాగని కాగితాన్నే నమ్ముకుంటే ముప్పే. కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ గార్మెంట్ ఫ్యాక్టరీకి 2012 ఆగస్టులో ఎస్ఏ 8000 సర్టిఫికెట్ వచ్చింది. కార్మికుల భద్రత కూడా అందులో భాగమే. కొద్ది వారాలకే, సెప్టెంబర్ 11న అక్కడ మంటలు చెలరేగాయి. 250 మందికి పైగా చనిపోయారు. అది కావాలని పెట్టిన నిప్పేనని కోర్టు తర్వాత తేల్చింది. కానీ కిటికీలకు ఇనుప చువ్వలు, తాళం వేసిన తలుపులు.. లోపలివాళ్లకు బయటపడే దారే లేకుండా పోయింది.

అందుకే బోర్డు ఒక్కటే కాదు, ఇవీ చూడాలి. డ్యూటీ టైంలో ఎమర్జెన్సీ డోర్లకు తాళం లేకుండా ఉంటోందా? మాక్ డ్రిల్‌లో కాంట్రాక్ట్ కార్మికులనూ కలుపుతున్నారా? త్రుటిలో తప్పిన ప్రమాదం గురించి భయం లేకుండా చెప్పగలుగుతున్నారా? వీటికి జవాబు ‘అవును’ అయితేనే ఆ సర్టిఫికెట్‌కు విలువ.