ఎముకలే దాని అన్నం

మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న పాఠకురాలొకరు ఆస్ట్రియా ఆల్ప్స్‌లోని హోహె టావెర్న్ కొండల్లో నడిచి వచ్చి ఓ ప్రశ్న పంపారు. పెద్ద పక్షి ఒకటి కాళ్లతో ఎముకను పట్టుకుని పైకి లేచిందట. బండ మీదికి జారవిడిచి, దిగి చూసుకుని, మళ్లీ అదే ఎముకను ఎత్తుకుపోయిందట. "ఆడుకుంటోందా అండీ?" అని అడిగారు.

ఆట కాదమ్మా, వంట! మీరు చూసింది గడ్డం రాబందును. అదృష్టవంతులు. రెక్కలు చాపితే రెండున్నర మీటర్లు దాటే ఈ పక్షి బరువు 5 నుంచి 7 కిలోలే. తిండిలో ముప్పాతిక వంతు దాకా ఎముకలే.

ఎముకలో ఏముందని తింటుంది? నల్లి ఎముక కోసం పోట్లాడుకున్న ఇళ్లలో ఈ ప్రశ్న పుట్టదు. లోపల మూలుగ ఉంది, అందులో కొవ్వుంది. గట్టి భాగమూ వట్టి రాయేమీ కాదు. ఇంటి స్లాబును తలుచుకోండి. కాల్షియం ఫాస్ఫేట్ సిమెంటయితే, కొలాజెన్ అనే ప్రొటీను పోగులు ఇనుప చువ్వలు. కోడికాలి ఎముకను నాలుగైదు రోజులు వెనిగర్‌లో నానబెట్టండి, రబ్బరులా వంగుతుంది. సిమెంటు కరిగింది, చువ్వలు మిగిలాయి. రాబందు కడుపులో జరిగేదీ ఇదే. కాకపోతే వెనిగర్ పీహెచ్ రెండున్నర దగ్గరుంటే, దాని జీర్ణరసానిది 1 దగ్గర ఉంటుంది. పీహెచ్ ఒక అంకె తగ్గితే ఆమ్లత పదింతలు పెరుగుతుంది, కాబట్టి తేడా ముప్పై రెట్లు. ఆమ్లం సిమెంటును కరిగిస్తే, బయటపడ్డ చువ్వలను ఎంజైములు తెగ్గొడతాయి. ఒక రోజులో పని పూర్తి. గొర్రెపిల్ల తొడ ఎముకంతటిదైతే అలాగే మింగేస్తుంది. మరీ పెద్దదైతేనే బండకేసి కొట్టే శ్రమ. ఆ గురి కుదరడానికి పిల్ల రాబందులకు ఏళ్లు పడుతుంది.

ఇందులో నన్ను మురిపించేది మరో లెక్క. మాంసం రెండు రోజుల్లో కుళ్లిపోతుంది, దానికోసం నక్కలూ కాకులూ గద్దలూ ఎగబడతాయి. ఎండిన ఎముక నెలల తరబడి చెడదు, పోటీకి వచ్చేవాడూ లేడు. అందరూ తిని వెళ్లాక తీరిగ్గా వచ్చి కూర్చునే బంతి ఇది!

ఇంత సాధుజీవికి జర్మన్‌వాళ్లు పెట్టిన పాత పేరు లెమ్మర్‌గైయర్, అంటే గొర్రెపిల్లల రాబందు. గొర్రెపిల్లల్నీ పసిపిల్లల్నీ ఎత్తుకుపోతుందని కాపరులు నమ్మారు. చంపితే బహుమతులిచ్చారు. నోట్లో ఎముక చూసి దొంగ అన్నారే గానీ, గొర్రె అంతకుముందే చచ్చిందేమోనని ఆలోచించలేదు. పేరు పెట్టడంలో స్పెయిన్‌వాళ్లే నయం, ఎముకలు విరిచేది అన్నారు. ఆల్ప్స్‌లో చివరిదాన్ని 1913లో ఇటలీలోని అవోస్తా లోయలో కాల్చేశారు. జంతుశాలల్లో పెంచిన పిల్లలను 1986లో మళ్లీ వదిలింది మీరు నడిచిన హోహె టావెర్న్‌లోనే, రౌరిస్ లోయలో. 1997లో ఫ్రాన్స్‌వైపు కొండల్లో ఒక జంట సొంతంగా పిల్లను లేపింది.

రాబందు కడుపులోని ఆమ్లంతో మనుషులకేం లాభమని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఏం లేదండీ! రాబందుకు మాత్రం ఈమధ్య నష్టమే. వేటగాళ్లు వదిలేసిన కళేబరాల్లో తూటాల సీసం తునకలు ఉంటున్నాయి. ఎముకను కరిగించే ఆమ్లం సీసాన్నీ కరిగించి రక్తంలోకి పంపుతోంది.

ఆస్ట్రియా దాకా వెళ్లలేనివాళ్లు లడఖ్‌లోనో స్పితిలోనో తలెత్తి చూడండి. ఇదే పక్షి మన హిమాలయాల్లోనూ ఉంది. ఛాతీ నారింజ రంగులో కనిపిస్తే అది పుట్టు రంగనుకోకండి, ఇనుము కలిసిన ఎర్రమట్టిలో పొర్లి పూసుకున్నది.