సిక్కోలులో వారం రోజులు: హడావిడి లేని కుటుంబ ప్రయాణం ఎలా ప్లాన్ చేసుకోవాలి?

మన ఇళ్లలో ప్రయాణం అంటే ఎక్కువగా మూడే కారణాలు. పెళ్లి, మయ్యత్, ఆస్పత్రి. నాలుగోది ఉంటే జియారత్. ఊరికే చూసొద్దాం, నాలుగు రోజులు కూర్చుందాం అని బయల్దేరిన కుటుంబాలు తక్కువే. ఒకవేళ బయల్దేరినా రెండు రోజుల్లో ఎనిమిది చోట్లు తిరగాలని కారు మాట్లాడుకుంటాం. చివరికి పిల్లలు కారులోనే నిద్రపోతారు, దాదీమా మోకాళ్లు పట్టుకుని కూర్చుంటుంది. అమ్మీకి అయితే ఇంట్లో చేసిన వంటే బయట కూడా తప్పదు.

గల్ఫ్ నుంచి నెల రోజుల సెలవు మీద వచ్చే అబ్బాకి ఇది ఇంకా కష్టం. సెలవులో సగం బంధువుల ఇళ్లకే పోతుంది. మిగిలిన దాంట్లో ఒక్క వారం ఇంటిల్లిపాదీ కలిసి గడపాలంటే ఎక్కడికి వెళ్లాలన్నదాని కంటే, ఆ వారాన్ని ఎలా పరుచుకోవాలన్నదే ముందు తేల్చుకోవాలి. శ్రీకాకుళం, టెక్కలి, పలాస ప్రాంతం ఇందుకు బాగా సరిపోతుంది. దూరాలు తక్కువ, చరిత్ర ఎక్కువ, సముద్రం పక్కనే ఉంది.

సిక్కోలు ఎందుకు?

శ్రీకాకుళాన్ని స్థానికులు ఇప్పటికీ 'సిక్కోలు' అంటారు. పాత రికార్డుల్లో 'చికాకోల్'. శిస్తు డబ్బు మూటల సీళ్లు ఇక్కడ విప్పేవారు కాబట్టి 'సిక్కా ఖోల్' అనే మాట నుంచి ఆ పేరు వచ్చిందని జనం చెప్పుకునే కథ ఒకటుంది. కథ సంగతి ఎలా ఉన్నా, ఈ ఊరు ఒకప్పుడు పెద్ద పరిపాలనా కేంద్రం అన్నది మాత్రం నిజం. ఉత్తర సర్కారుల్లో చికాకోల్ సర్కారు ఒకటి. గోల్కొండ కుతుబ్‌షాహీల తరఫున, ఆ తర్వాత నిజాం తరఫున ఫౌజ్‌దార్లు ఇక్కడి నుంచే పాలించారు. 1753లో సలాబత్ జంగ్ ఈ సర్కారును ఫ్రెంచి సేనాని బుస్సీకి రాసిచ్చాడు. 1765లో మొగల్ చక్రవర్తి షా ఆలం ఫర్మానా, 1766లో నిజాం అలీ ఒప్పందంతో ఇది ఇంగ్లిష్ కంపెనీ చేతికి పోయింది. ఇప్పటి జిల్లా 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లా నుంచి విడిపోయి ఏర్పడింది.

మన పిల్లల్లో చాలామందికి చార్మినార్ తెలుసు, చికాకోల్ తెలీదు. ఈ ప్రయాణంలో వాళ్లకి దక్కేది అదే.

కుస్కో నేర్పే పాఠం

దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో ఆండీస్ కొండల మీద కుస్కో అనే పాత నగరం ఉంది. ఇంకా రాజుల రాజధాని. సముద్ర మట్టానికి సుమారు 3,400 మీటర్ల ఎత్తు. అక్కడ దిగగానే చాలామందికి తలనొప్పి, ఆయాసం వస్తాయి. అందుకే మొదటి ఒకటి రెండు రోజులు ఏమీ చూడొద్దు, నెమ్మదిగా నడవండి, తేలిగ్గా తినండి, నీళ్లు తాగండి అని చెబుతారు. శరీరం కుదుటపడ్డాకే కోటలు, గోడలు. ఇంకా సూర్య దేవాలయం గోడల మీదే స్పెయిన్ వాళ్లు కట్టిన చర్చి నిలబడి ఉంటుంది. అలాంటివి పరుగెత్తుతూ చూస్తే అర్థం కావు. అందుకే అక్కడ వారం ఉండేవాళ్లు ఎక్కువ లాభపడతారు.

సిక్కోలులో ఎత్తు సమస్య లేదు. కానీ రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చిన డెబ్భై ఏళ్ల నానీమాకి, మూడేళ్ల బిడ్డకి మొదటి రోజు విశ్రాంతి అంతే అవసరం. పద్ధతి అదే పెట్టుకోవచ్చు. మొదటి రోజు ఖాళీ, ఆ తర్వాత రోజుకి ఒక్కటే ముఖ్యమైన చోటు, మధ్యలో ఒక రోజు పూర్తిగా సెలవు.

ఎప్పుడు వెళ్లాలి?

నవంబరు నెలాఖరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం హాయిగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు మొదట్లో తుపాన్ల భయం ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. ఆ నెలల్లో వెళ్లాల్సి వస్తే వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకున్నాకే కదలాలి.

సంక్రాంతి వారంలో రైళ్లు దొరకవు. రథసప్తమికి అరసవల్లి సూర్యదేవాలయానికి లక్షల్లో జనం వస్తారు కాబట్టి శ్రీకాకుళం లాడ్జీలన్నీ నిండిపోతాయి. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది గనక ఆ ఏడాది ఎప్పుడు పడుతుందో కూడా చూసుకోవాలి.

హైదరాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్లకు ఫలక్‌నుమా, ఈస్ట్ కోస్ట్, విశాఖ ఎక్స్‌ప్రెస్‌లు శ్రీకాకుళం రోడ్, పలాస స్టేషన్లలో ఆగుతాయి. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఊళ్లో లేదు, ఆమదాలవలసలో ఉంది. అక్కడి నుంచి పట్నానికి సుమారు 13 కిలోమీటర్లు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. పెద్దవాళ్లకి కింది బెర్తులు కావాలంటే ఆ రోజే చేయించుకోవడం మంచిది.

రెండు మకాములు చాలు

రోజుకో ఊళ్లో దిగితే సామాను సర్దడంతోనే సరిపోతుంది. నాలుగు రాత్రులు శ్రీకాకుళంలో, మూడు రాత్రులు టెక్కలి లేదా పలాసలో పెట్టుకోండి. గది మాట్లాడేటప్పుడు నాలుగు విషయాలు అడగాలి: లిఫ్టు ఉందా లేక కింది అంతస్తు ఇస్తారా, కుర్చీ లాంటి కమోడ్ ఉందా, వేడి నీళ్లు ఏ వేళలో వస్తాయి, పక్కన ఫంక్షన్ హాలు ఉందా. చివరిది చిన్న విషయంలా ఉంటుంది గానీ, పెళ్లిళ్ల సీజన్లో రాత్రి పన్నెండు దాకా డీజే మోగితే విశ్రాంతి మాట మర్చిపోవాల్సిందే.

గురువారం నుంచి గురువారం

గురువారం దిగితే శుక్రవారం జుమా శ్రీకాకుళంలో దొరుకుతుంది.

*గురువారం:* స్నానం, భోజనం, నిద్ర. సాయంత్రం ఓపిక ఉన్నవాళ్లు నాగావళి ఒడ్డు వైపు నడిచి రావచ్చు.

*శుక్రవారం:* జామియా మస్జిద్. 1641లో, గోల్కొండను అబ్దుల్లా కుతుబ్‌షా పాలిస్తున్న కాలంలో, ఫౌజ్‌దార్ షేర్ మహమ్మద్ ఖాన్ దీన్ని కట్టించాడని చరిత్ర చెబుతుంది. జుమాకి ఒక గంట ముందే వెళితే పిల్లలకి కట్టడం చూపించే తీరిక ఉంటుంది. ఆడవాళ్లకి నమాజు ఏర్పాటు ఉందో లేదో కమిటీ పెద్దల్ని ముందే అడగాలి. ఖస్ర్ విషయంలో మీ ఇమాం సాబ్ దగ్గర బయల్దేరే ముందే తెలుసుకోండి.

*శనివారం:* పొద్దున శాలిహుండం, సాయంత్రం కళింగపట్నం. రెండూ ఒకే వైపు ఉన్నాయి కాబట్టి ఇది ఒక ప్రయాణమే. శాలిహుండం వంశధార ఒడ్డున కొండ మీద ఉన్న బౌద్ధ క్షేత్రం. స్తూపాలు, చైత్యాల పునాదులు కనిపిస్తాయి. దీన్ని 1919లో గుర్తించింది గిడుగు రామమూర్తి. వాడుక భాష కోసం పోరాడిన ఆ గిడుగు వారే. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. కొండ ఎక్కాలి గనక ఎండ పెరగకముందే వెళ్లాలి. ఎక్కలేని పెద్దలకి కింద నీడలో కూర్చునే ఏర్పాటు చూసుకుని, వాళ్లతో ఒకరు ఉండాలి. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలుస్తుంది. పాత రేవు, లైట్‌హౌస్, దర్గా షరీఫ్ ఉన్నాయి. కెరటాలు పెద్దవి కాబట్టి పిల్లల్ని నీళ్లలోకి దించకండి, ఒడ్డున ఇసుక చాలు.

*ఆదివారం:* ఏమీ లేదు. ఇది పొరపాటున మిగిలిపోయిన రోజు కాదు, కావాలని పెట్టుకున్నది. బట్టలు ఉతకాలి, ఫోన్లు చేసుకోవాలి, అమ్మీ మధ్యాహ్నం దాకా పడుకోవాలి. శనివారం వాన పడి ఆగిపోతే ఆ ప్రయాణం ఈ రోజుకి జరుగుతుంది.

*సోమవారం:* టెక్కలికి మకాం మార్పు. జాతీయ రహదారి 16 మీద సుమారు 50 కిలోమీటర్లు, దారిలో మడపాం టోల్‌గేట్ వస్తుంది. సాయంత్రం తేలినీలాపురం. సెప్టెంబరు నుంచి మార్చి వరకు ఈ పల్లెలోని చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. పక్షులు వస్తే ఊరికి మంచిదని గ్రామస్తుల నమ్మకం. వాళ్లే వాటిని కాపాడుకుంటారు. అక్కడ కేకలు వేయకూడదని పిల్లలకి బయల్దేరే ముందే చెప్పండి.

*మంగళవారం:* పొద్దున రావివలస. టెక్కలికి సుమారు 5 కిలోమీటర్లు. ఇక్కడి శివుడు ఎండల మల్లికార్జునుడు. గుడి పైకప్పు లేకుండా ఆరుబయట ఎండలోనే ఉండే పెద్ద లింగం కాబట్టి ఆ పేరు. కార్తీక మాసం సోమవారాల్లో ఇసుకేస్తే రాలనంత జనం వస్తారు, ఆ రోజుల్లో ఈ దారి వదిలేయడం మేలు. మామూలు రోజుల్లో ఊరు, చుట్టూ కొండలు ప్రశాంతంగా ఉంటాయి. ఫొటోలు తీసే ముందు అక్కడివాళ్లని ఒక మాట అడగడం మర్యాద. సాయంత్రం నౌపడ మీదుగా భావనపాడు తీరం. నౌపడ ఉప్పు మడులకు పేరు. ఎండలు ముదిరాక వెళ్లేవాళ్లకి తెల్లటి ఉప్పు కుప్పలు కనిపిస్తాయి. 1900లో పర్లాకిమిడికి చిన్న రైలు మొదలైంది కూడా ఈ నౌపడ నుంచే.

*బుధవారం:* పలాస, ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య నెమ్మదిగా కారులో తిరిగి, ఓపిక ఉంటే బారువ తీరం దాకా వెళ్లి రావచ్చు. పలాస జీడిపప్పు కొనేటప్పుడు గ్రేడు అడగండి. డబ్ల్యూ-180, 240, 320 అని చెబుతారు. అంటే ఒక పౌను బరువుకి ఎన్ని గింజలు తూగుతాయన్న లెక్క. అంకె తగ్గేకొద్దీ గింజ పెద్దది, ధర ఎక్కువ. ఖీర్‌కి, షీర్ ఖుర్మాకి బద్దలు, ముక్కలు చాలు. గుండు పప్పు ధర పెట్టి ఇంటికెళ్లి ముక్కలు చేయడం ఎందుకు?

*గురువారం:* పలాసలో రైలు ఎక్కడమే. ఆ రోజు ఇంకేమీ పెట్టుకోవద్దు.

తిండి, డబ్బు

మాంసం విషయంలో అనుమానం ఉంటే జుమా రోజే మస్జిద్ దగ్గర హలాల్ హోటళ్లు ఎక్కడున్నాయో కనుక్కోవడం తేలిక. లేనిచోట సముద్రపు చేప, రొయ్య ఎలాగూ దొరుకుతాయి. ఉద్దానం పనస కూర, జీడిపప్పు కూర, మందస కోవా కూడా రుచి చూడాల్సినవే. రోజుకి ఒక పూటైనా ఇంటి ఆడవాళ్లు వంట జోలికి పోకుండా ఉండేలా ముందే మాట అనుకోవాలి.

ఖర్చుని నాలుగు కవర్లుగా విడదీయండి: టికెట్లు, గది, బండి, తిండి. మొత్తంలో పదో వంతు ఐదో కవర్లో పెట్టి ముట్టుకోకండి, అది మందులకి, అనుకోని మార్పులకి. బండి వారమంతా అక్కర్లేదు. శని, సోమ, మంగళ, బుధవారాలకి మాట్లాడితే చాలు, మిగిలిన రోజులు ఆటోతో సరిపోతుంది. కిలోమీటరు రేటు చెప్పినప్పుడు డ్రైవర్ బత్తా, టోల్, పార్కింగ్ అందులో కలిసి ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. గొడవలన్నీ వచ్చేది అక్కడే.

ఇంట్లో కిడ్నీ రోగి ఉంటే

ఉద్దానం పేరు వినగానే కిడ్నీ జబ్బు గుర్తొస్తుంది. ఇంతమందికి ఎందుకు వస్తోందో పరిశోధకులు ఇంకా తేల్చి చెప్పలేదు. తాగేందుకు శుద్ధి చేసిన నీళ్లు వెంట ఉంచుకోవడం ఎక్కడైనా మంచి అలవాటే.

మీ ఇంట్లోనే డయాలసిస్ చేయించుకునే పెద్దాయన ఉంటే ఆయన్ని వదిలి వెళ్లాల్సిన పని లేదు. కానీ ప్రయాణం మొత్తం ఆయన తేదీల చుట్టూ అల్లుకోవాలి. డయాలసిస్ సాధారణంగా వారానికి మూడుసార్లు ఉంటుంది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమైంది. టెక్కలి, సోంపేట ప్రభుత్వ ఆస్పత్రుల్లోనూ డయాలసిస్ కేంద్రాలు ఉన్నాయి. బయటివాళ్లకి ఆ తేదీల్లో మెషీన్ ఇస్తారా అన్నది నెల ముందే ఫోన్ చేసి ఖరారు చేసుకోవాలి. డాక్టరు చీటీ, తాజా రక్త పరీక్షలు, హెపటైటిస్ రిపోర్టు వెంట ఉండాలి. డయాలసిస్ రోజు ఆయనకి మిగతా కార్యక్రమం పెట్టొద్దు. అలాంటి కుటుంబం మొదటి మకాం కూడా పలాస లేదా టెక్కలిలోనే పెట్టుకుని, శ్రీకాకుళానికి ఒక్క శుక్రవారం వెళ్లి వస్తే సరిపోతుంది.

ముందు ఎవరిని అడగాలి?

టికెట్లు తీసే ముందు ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లని, అందరికంటే చిన్నవాళ్లని చూసి లెక్క వేయండి. దాదీమా ఎన్ని మెట్లు ఎక్కగలదు, ఎంతసేపు కారులో కూర్చోగలదు అన్నది ఆమెనే అడగాలి. ఆమె చెప్పిన దాన్ని బట్టి పై జాబితాలో రెండు మూడు చోట్లు కొట్టేయాల్సి రావచ్చు. కొట్టేయండి. శాలిహుండం కొండ వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటుంది. దాదీమాతో కలిసి వెళ్లే వీలు మాత్రం ఈ ఏడాది ఉంది.