ఊరి దావాకు వకీలు ఎవరు?

మన ఇండ్లలో ఎవరిమీదనైనా దావా పడితే ఏమి చేస్తాము? పెట్టెలోని దస్తావేజులు వెతికి, మూటగట్టుకొని, తెలిసిన వకీలు ఇంటికి పోతాము. మరి మునిసిపాలిటీ మీద దావా పడితే? మూటగట్టేది ఎవరు, వాదించేది ఎవరు? ఊరి సొమ్ము మన సొమ్మే గనుక, ఈ ప్రశ్న మన చదువరులకును సంబంధించినదే.

కొందరు పెద్దలు ఇట్లంటారు: "దావాకొక ఫీజు ఇచ్చి బయటి వకీళ్లను పెట్టుకోవడమెందుకు? నెల జీతంమీద ఒక వకీలును కచేరిలోనే కూర్చోబెడితే ఖర్చు తగ్గదా?" వినడానికి బాగానే ఉన్నది. కాని కోవిల్పట్టి, విరుదునగరం వంటి ఊళ్లకు ఇందులో రెండు అడ్డంకులు ఉన్నవి.

మొదటిది నియమం. పూర్తికాలపు జీతగాడుగా ఉన్నవాడు, ఆ ఉద్యోగంలో ఉన్నంతకాలం వకీలుగా ప్రాక్టీసు చేయరాదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 49వ నియమం చెప్పుచున్నది. హిమాచల్ ప్రదేశ్ విద్యుత్ బోర్డు న్యాయాధికారి వ్యవహారంలో 2001లో సుప్రీంకోర్టు కూడా ఆ ప్రకారమే తీర్పు ఇచ్చినది. కోర్టులో వాదించడమే పనిగా గల ప్రభుత్వ ప్రాసిక్యూటర్ల సంగతి వేరని 2013లో చెప్పినది. కచేరిలో ఫైళ్లు చూచే అధికారికి ఆ వెసులుబాటు దొరకడం కష్టం.

రెండవది దూరం. విరుదునగరం జిల్లా ప్రధాన కోర్టు ఉన్నది శ్రీవిల్లిపుత్తూరులో. కోవిల్పట్టివారికి జిల్లా కోర్టు తూత్తుకుడిలో. హైకోర్టు పనికి, 2004 జూలైలో మదురై బెంచి వచ్చేవరకు మదరాసు రైలు ఎక్కవలసినదే. ఇప్పుడు మదురై వరకు పోవలె. ఒక్క మనిషి ఒకే ఉదయం ఇన్ని కోర్టుల మెట్లు ఎక్కలేడు. కాబట్టి వాదనకు ఆయా ఊళ్ల వకీళ్లే తగినవారు.

అయితే బయటి వకీలు ఉంటే చాలునా? చాలదు. ఇది నేను నా తప్పువల్ల నేర్చుకొన్న పాఠం.

పదిహేనేండ్ల క్రిందట నేను ఒక స్థానిక సంస్థ కచేరిలో గుమాస్తాను. ఊరి పేరు ఇక్కడ అక్కర లేదు. ఒక సందులో మురుగుకాలువ కట్టబోతే, ఆ స్థలం తనదని ఒకాయన దావా వేసినాడు. మా వకీలు మంచివాడే. సర్వే పటం, పాత తీర్మానం పంపమని రెండు ఉత్తరాలు వ్రాసినాడు. రెండును నా బల్లమీదికే వచ్చినవి. నేను పై అధికారికి ఒక చీటీ పెట్టి ఊరుకొన్నాను. వాయిదా తేదీని ఏ పుస్తకంలోను ఎక్కించలేదు. జవాబు దాఖలు కాక ఎక్స్‌పార్టీ డిక్రీ అయినది. "కాగితం లేనిదే నేనేమి వాదించేదయ్యా?" అన్నాడు వకీలు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

డిక్రీ అయిన 30 దినాల లోపల అర్జీ వేసినందువల్ల, ఎదుటివారికి ఖర్చులు చెల్లించే షరతుమీద కోర్టు దానిని రద్దుచేసినది. ఆ ఖర్చులు పన్ను కట్టినవారి సొమ్ము. దావా తేలేలోగా రెండు కార్తీకాల వానలకు ఆ సందులోని ఇండ్లలోకి మురుగునీరు వచ్చినది. ఒక ముసలామె గుమ్మంలో కూర్చొని చెంబుతో నీళ్లు ఎత్తిపోస్తుండగా, నేను సైకిలు దిగకుండానే పోయినాను.

వకీలు గెలిచేది కచేరి ఫైలు బలంతోనే. 2002 సవరణ తరువాత సమన్లు అందిన 30 దినాలలో జవాబు వేయవలె. కారణం చూపితే కోర్టు 90 దినాలవరకు పొడిగిస్తుంది. పైగా 1920 నాటి జిల్లా మునిసిపాలిటీల చట్టం పోయి, 1998 నాటి పట్టణ స్థానిక సంస్థల చట్టం 2023 ఏప్రిల్‌లో అమలుకు వచ్చినది. పాత అలవాటున పాత సెక్షను వేసి నోటీసు పంపితే ఏమవుతుంది? దావా పడిన తరువాత వకీలును అడగడం, ఇల్లు కాలుతుంటే బావి త్రవ్వినట్లే.

కాబట్టి నా మనవి ఇది: వాదనకు బయటి వకీలు, కాగితానికి లోపలి మనిషి. న్యాయం చదివిన ఒక అధికారి ఉండి వాయిదాల పుస్తకం నడపవలె. కడలు వేలం వేయకముందు, గోడ పడగొట్టకముందు కాగితం చూడవలె. తప్పుంటే 'ఇది కూడదు' అని చెప్పవలె. ఇంగ్లండులో 1989 చట్టంవల్ల ప్రతి కౌన్సిలుకు ఇటువంటి హెచ్చరిక చేసే అధికారి ఒకరు ఉండితీరవలె. మనకు ఊరికొకరు భారమైతే, విరుదునగరం, అరుప్పుకోట్టై, సాత్తూరు కలిసి ఒకరిని పెట్టుకోవచ్చును; కోవిల్పట్టి తన జిల్లాలోని మునిసిపాలిటీలతో కలియవచ్చును.

బయటి వకీలును ఎంచుకోవడంలోను మొగమాటం కూడదు. ప్రభుత్వ న్యాయాధికారుల నియామకం యోగ్యతనుబట్టి, న్యాయమైన పద్ధతిలో జరగవలెనని పంజాబు, హర్యానాల వ్యవహారంలో 2016లో సుప్రీంకోర్టు చెప్పినది. ఊరికిని అదే నీతి.

ఈసారి కౌన్సిలరు ఓటుకు మన గడప తొక్కినప్పుడు మర్యాదగా కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఒక్క మాట అడుగుదాము: "అయ్యా, మన మునిసిపాలిటీకి ఎన్ని దావాలున్నవి? రాబోయే వాయిదా ఏనాడు?"