చిన్న గుళిక, పెద్ద గుళిక: ఒంట్లో ముందు కరిగేది ఏది?

ఈరోజు టాపిక్ కంటికి సరిగ్గా కనపడనంత చిన్నది. ఒంట్లో మెల్లగా కరిగిపోయే పాలిమర్ గుళికలు, వాటిలో దాచిన మందు.

ఇది మనకెందుకు అంటారా? 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. అడవి వైపు ఊళ్లకు రోడ్లు మునిగాయి, వంతెన మీద రాకపోకలు ఆపేశారు. రోజూ మాత్ర వేసుకోవాల్సిన మనిషికి అలాంటి వారంలో మాత్రలు అయిపోతే ఏంటి పరిస్థితి? అందుకే ఒక్క ఇంజెక్షన్‌తో వారాల తరబడి పనిచేసే మందులు ఇలాంటి చోట చాలా అవసరం.

అలాంటి కొన్ని ఇంజెక్షన్లలో పీఎల్‌జీఏ అనే పాలిమర్ వాడతారు. లాక్టిక్, గ్లైకోలిక్ అనే రెండు ఆమ్లాలను దండలా గుచ్చినట్టు ఉంటుంది. లాక్టిక్ ఆమ్లం అంటే పెరుగుకు పులుపు ఇచ్చేదే. ఆపరేషన్ తర్వాత వాటంతటవే కరిగిపోయే కుట్లు ఉంటాయి కదా, వాటిలో చాలావరకు ఈ కుటుంబానివే. ఒంట్లో ఉన్న నీరు ఈ దండను కొంచెం కొంచెంగా తెంపుతుంది. చివరికి అది నీరుగా, కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి పోతుంది.

ఇప్పుడు సైజు సంగతి. పటికబెల్లం గడ్డ ఒకటి, అంతే బరువు చక్కెర, రెండూ నీళ్లలో వేయండి. చక్కెరే ముందు కరుగుతుంది కదా. ఇక్కడా లెక్క అలాంటిదే. మన వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. 100 మైక్రాన్ల గుళిక ఒక్కదాన్ని 10 మైక్రాన్ల గుళికలుగా చేస్తే 1000 వస్తాయి, నీళ్లు తగిలే ఉపరితలం 10 రెట్లు అవుతుంది. పైగా లోపలి మందు బయటికి రావాల్సిన దూరం 10 రెట్లు పెరిగితే, పట్టే టైమ్ సుమారు 100 రెట్లు పెరుగుతుంది. అంటే చిన్న గుళికలోంచి మందు త్వరగా వచ్చేస్తుంది.

మరి పాలిమర్ కూడా చిన్న గుళికలోనే ముందు విరగాలి కదా? ఇక్కడే ట్విస్ట్. చాలాసార్లు పెద్దదే ముందు విరుగుతుంది! 1995లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త మిషెల్ వెర్ట్ బృందం ఇదే తరహా పాలిమర్‌తో చూసింది. చిన్న గుళికల కన్నా, పల్చని ఫిల్మ్ కన్నా, మందపాటి పలక ముందుగా విరిగింది.

తునికాకు కళ్లాలు చూసినవాళ్లకు ఇది ఈజీగా అర్థమవుతుంది. కట్టలు పరిచి ఎండబెడతారు. తడి ఆరకముందే కుప్ప పోస్తే పైన బాగానే ఉంటుంది, మధ్యలో పాడవుతుంది. అక్కడ చిక్కుకునేది తడి, ఇక్కడ ఆమ్లం. దండ తెగినప్పుడల్లా ఆమ్లం పుడుతుంది. చిన్న గుళికలోంచి అది వెంటనే బయటికి పోతుంది. పెద్దదాంట్లో లోపలే ఇరుక్కుని, మిగతా దండను ఇంకా స్పీడుగా తెంపుతుంది. దీన్నే ఆటోకెటాలసిస్ అంటారు.

మా కోడింగ్ భాషలో చెప్పాలంటే రెండు టైమర్లు ఒకేసారి నడుస్తున్నాయి. మందు బయటికి రావడం ఒకటి, పాలిమర్ విరగడం ఇంకొకటి. చిన్న సైజులో మొదటిది ఫాస్ట్, పెద్ద సైజులో రెండోది.

దీని ఎఫెక్ట్ రోగి మీద ఎలా ఉంటుందో చూడండి. స్కిజోఫ్రెనియాకు ఇచ్చే రిస్పెరిడోన్ మందు పీఎల్‌జీఏ గుళికల్లో పెట్టిన ఇంజెక్షన్‌గా అమెరికాలో 2003లో ఆమోదం పొందింది. రెండు వారాలకోసారి వేస్తారు. కానీ మొదటి మూడు వారాలు దాన్నుంచి మందు దాదాపు రాదు. అసలు విడుదల ఆ తర్వాతే. అందుకే ఆ మూడు వారాలూ మాత్రలు కూడా వేసుకోవాలి. "ఇంజెక్షన్ పడిందిగా" అని మాత్రలు మానేస్తే, ఒంట్లో మందే లేని రోజులు వస్తాయి.

ఇంట్లో పనికొచ్చే మాట ఇంకొకటి. మాత్రల షీటు మీద ఎస్‌ఆర్, ఈఆర్, ఎక్స్‌ఆర్ అని ఉంటే మందు మెల్లగా విడుదలవుతుందని అర్థం. పెద్దవాళ్లు మింగలేరని వాటిని నూరి ఇవ్వకండి. అందులో వాడే పదార్థాలు వేరే అయినా, నూరితే రోజంతా రావాల్సిన మందు ఒక్కసారే వచ్చేయొచ్చు. మింగలేకపోతే వేరే రూపంలో ఉందా అని డాక్టర్‌నో, ఫార్మసిస్టునో అడగండి.

నేను బీటెక్ చదివి సాఫ్ట్‌వేర్ చేసినవాణ్ని, డాక్టర్‌ని కాదు. అందుకే మీ మందుల గురించి నేను చెప్పను, అడగాల్సిన ప్రశ్న చెప్తా: "ఈ ఇంజెక్షన్ ఏ రోజు నుంచి పనిచేస్తుంది? అప్పటిదాకా మాత్రలు వేసుకోవాలా?" వానలు మొదలవ్వకముందే అడిగి పెట్టుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.