ముక్కలు కలిపిన చందమామ

పిల్లలూ, ఒక బొప్పాయి కాడ తీసుకుని, వాకిట్లో వేసిన పెద్ద ముగ్గును దానిలోంచి చూడండి. ముగ్గంతా కనిపించదు. ఒకచోట నాలుగు చుక్కలు, ఇంకొకచోట ఒక మెలిక కనిపిస్తాయి, అంతే! టెలిస్కోపుతో చంద్రుణ్ణి చూడటమూ ఇలాంటిదే. అది ఎంత పెద్దది చేసి చూపితే, ఒక్కసారిగా కనబడే భాగం అంత చిన్నదవుతుంది.

1840లో న్యూయార్కులో జాన్ విలియం డ్రేపర్ అనే శాస్త్రజ్ఞుడు వెండిపూత రేకు మీద చంద్రుణ్ణి ఫోటో తీశాడు. 3,474 కిలోమీటర్ల వ్యాసం గల చంద్రుడు ఒక చిన్న రేకులో ఇమిడితే, అందులో కొండలూ గుంటలూ వివరంగా ఎలా కనిపిస్తాయి?

అందుకే ఈనాడు చంద్రుణ్ణి ముక్కలుగా ఫోటోలు తీసి, కంప్యూటరు సాయంతో అతుకుతారు. ప్రతి ముక్కలోనూ పక్క ముక్క అంచు కొంత ఉండేటట్టు తీస్తారు. ఒకే గుంట రెండు ముక్కల్లోనూ ఉంటే, ఏది ఎక్కడ అతకాలో తెలుస్తుంది గదా! మరొక చిక్కు గాలి. ఎండవేళ రోడ్డు మీద గాలి అలలాడినట్టే, ఆకాశంలోని గాలి కదిలి చంద్రబింబాన్ని వణికిస్తుంది. కనుక ఒక్కొక్క ముక్కకు వందలకొద్దీ ఫోటోలు తీసి, స్పష్టమైనవాటిని ఏరి ఒకటిగా కలుపుతారు.

పోనీ, ఇదంతా తీరికగా చేద్దామా అంటే వీలులేదు. చంద్రుడి మీద పగటికీ రాత్రికీ మధ్య ఒక గీత ఉంటుంది. దాని దగ్గర నీడలు పొడుగ్గా పడి, కొండలు, గుంటలు చక్కగా తెలుస్తాయి. కాని ఆ గీత నిలవదు. చంద్రుడి మధ్యరేఖ దగ్గర అది గంటకు సుమారు 15 కిలోమీటర్లు, అంటే సైకిలంత వేగంతో, జరుగుతూనే ఉంటుంది. కోపర్నికస్ అనే గుంట వెడల్పు దాదాపు 93 కిలోమీటర్లు. శుక్లపక్ష అష్టమినాడు చీకట్లో ఉండే ఆ గుంటకు సుమారు రెండు రోజుల్లో తెల్లవారుతుంది. పౌర్ణమినాటికి నీడలే మాయమవుతాయి!

అందుచేత ముక్కలన్నీ ఒకే రాత్రి, వరుస తప్పకుండా, త్వరగా తియ్యాలి. ఒక్కటి మరిచినా బొమ్మలో నల్లని ఖాళీ మిగులుతుంది. మర్నాడు తీసిన ముక్క అక్కడ అతకదు. నీడలు మారిపోయి ఉంటాయి. వచ్చే నెల అదే తిథినాడు తీసినా సరిగా కుదరదు. ఎందుకంటే చంద్రుడు మనకు ఎప్పుడూ ఒకే ముఖం చూపుతున్నా, ఆ ముఖం కొద్దిగా అటూ ఇటూ ఊగుతున్నట్టు కనిపిస్తుంది.

ఈసారి శుక్లపక్ష అష్టమి నుంచి పౌర్ణమి దాకా రోజూ రాత్రి చంద్రుణ్ణి చూసి, వెలుగు గీత ఎక్కడ ఉన్నదో నోటుబుక్కులో గీయండి. మీ చేతి బొమ్మల్లోనే అది ఎలా జరుగుతున్నదో మీకు తెలుస్తుంది.