మా రేకుపెట్టెది ఏ వ్యవస్థ?

ములకలపల్లి మండలంలో మా ఇల్లు. మంచం కింద ఒక రేకుపెట్టె ఉంటుంది. అందులో నాయన పోడు పట్టా, నాయనమ్మ తునికాకు కార్డు, రేషన్ కార్డు, బాబాయి దాచమని ఇచ్చిన పామాయిల్ గెలల తూకం చీటీలు, వాటన్నిటి మీద ఈ మధ్యే చేరిన నా డిగ్రీ మెమో. బీఏలో నాది ఎకనామిక్స్. పుస్తకంలో మూడు గళ్ల పట్టిక ఒకటి ఉండేది: పెట్టుబడిదారీ, సామ్యవాదం, మిశ్రమం. పరీక్ష ముందు రాత్రి బట్టీ పట్టాను, మార్కులూ పడ్డాయి.

ఇప్పుడు ఇరవై రెండేళ్లు. హైదరాబాద్ పోవాలో, పోటీ పరీక్షలకు కూర్చోవాలో, నాయన అంటున్నట్టు రెండెకరాల్లో పామాయిల్ పెట్టుకుని ఇక్కడే ఉండాలో తేలడం లేదు. నిద్ర పట్టని ఒక రాత్రి పెట్టె ముందేసుకుని, ఏ కాగితం ఏ గడిలో పడుతుందో చూద్దామని కూర్చున్నాను. ఒక్కటీ పడలేదు. పట్టిక తప్పా, నేను చదివింది తప్పా అని తవ్వుకుంటూ పోతే నేను గట్టిగా నమ్మినవి కొన్ని ఊడొచ్చాయి. నేనే కాదు, ఇటు ఎర్రజెండా పట్టినవాళ్లూ అటు షేర్ మార్కెట్ వీడియోలు చూసేవాళ్లూ నమ్మేవే అవి.

అపోహ: అడవి ఊళ్లలో ఒకప్పుడు అంతా సమష్టి. మార్కెట్ నిన్నమొన్న వచ్చి చెడగొట్టింది.

హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త 1940లలో నిజాం రాజ్యంలోని పాల్వంచ తాలూకాలో, గోదావరి గట్ల కొండరెడ్ల మధ్య తిరిగాడు. 1945లో అచ్చయిన ఆయన పుస్తకంలో కలప, వెదురు కాంట్రాక్టర్లు కనిపిస్తారు. వాళ్ల దగ్గర అప్పుపడి, అది తీరక చాకిరీ చేస్తూనే ఉండిపోయిన కుటుంబాలు కనిపిస్తాయి. అంటే మార్కెట్ ఎప్పుడో వచ్చింది. సంతలో తక్కెడగా కన్నా ముందు అప్పుగా వచ్చింది. నాగుకు గింజలు తెచ్చుకోవడం గురించి నాయనమ్మ చెబుతుంది: వానల్లో బస్తా తెచ్చుకుంటే పంట మీద బస్తాన్నర కొలవాలి. ఆ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ గొంతు తగ్గిస్తుంది, షావుకారు పక్కింట్లోనే ఉన్నట్టు.

కలిసి బతికారన్నదీ అబద్ధం కాదు. కాకపోతే దాని వెనక ఉన్నది మనం ఊహించుకునే అమాయకత్వం కాదు, కట్టుబాటు. కొత్తల పండుగ చేసి, వేల్పులకు పెట్టందే కొత్త పంట నోట్లో పెట్టకూడదు. మామిడి కొత్త కాకముందు కాయ కోస్తే తప్పు. చిన్నప్పుడు మాకిది ఉత్త భయంగా ఉండేది. పచ్చి కాయలు ఒకరికంటే ముందు ఒకరు దులిపేసుకోకుండా కాపలా కాసింది ఆ భయమేనని డిగ్రీలో గానీ అర్థం కాలేదు. 1968లో గారెట్ హార్డిన్ ఒక వ్యాసం రాశాడు: అందరిదీ అయిన బీడును అందరూ మేపి పాడుచేస్తారు, కాబట్టి దాన్ని సర్కారుకైనా అప్పగించాలి, పంచైనా పెట్టాలి అని. ఎలినార్ ఆస్ట్రామ్ మాత్రం స్విట్జర్లాండ్ పచ్చికల నుంచి ఫిలిప్పీన్స్ కాలువల దాకా ఉదాహరణలు పోగేసి, ఊళ్లు సొంత కట్టుబాట్లతో ఉమ్మడి వనరులను తరాల తరబడి కాపాడుకున్నాయని చూపించింది. 2009లో ఆమెకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆమే. మా పట్టికలో ఆమె చెప్పినదానికి గడి లేదు.

అపోహ: అమ్ముకోలేని భూమి ఆస్తే కాదు.

ఇది నన్ను ఎక్కువ రోజులు సతాయించింది. నాయన పట్టా 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చింది. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న భూమికి, నాలుగు హెక్టార్లకు మించకుండా ఇస్తారు. దాని మీద అమ్మ పేరూ ఉంది. భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలని చట్టమే చెప్పింది. పిల్లలకు వస్తుంది. అమ్మడానికి వీల్లేదు. అటు పట్టాభూములకూ 1/70 కాపలా ఉంది: 1959 నాటి నిబంధనను 1970లో సవరించాక షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. ఈ నిబంధన కింద సర్కారు కూడా ఒక ‘వ్యక్తే’ అంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు భూమిని సైతం ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వకూడదంది.

నాతో చదివి ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్న స్నేహితుడు ఈ మాటకు నవ్వాడు. “అమ్మలేవు, తాకట్టు పెట్టి పెద్ద లోన్ తేలేవు. ఇంకెందుకురా అది?” పెరూ దేశపు హెర్నాండో డి సోటో 2000లో ఇదే వాదనతో పుస్తకం రాశాడు: పేదల ఆస్తికి అమ్మకపు హక్కు, కాగితం లేక అది పెట్టుబడిగా మారడం లేదని. అందులో నిజం ఉంది. బాబాయి బోరు వేయించుకోవడానికి ఎన్ని గడపలు తొక్కాడో నాకు తెలుసు.

కానీ నాగు సంగతి విన్నాక లెక్క ఇంకోవైపు నుంచి చూడాల్సి వచ్చింది. అమ్మడానికి వీలున్న భూమి చెడ్డ ఏడాదిలో అమ్ముడుపోతుంది. అమ్మలేని భూమి చెడ్డ ఏడాది దాటాక కూడా ఉంటుంది. లోన్ పుట్టకపోవడం దానికి మనం కట్టే ప్రీమియం. మా పుస్తకం పట్టికలో యాజమాన్యం, ధర, లాభం అని వరసలున్నాయి. నష్టం అని వరస లేదు. ఆ రాత్రి పెన్నుతో కింద ఒక గీత కొట్టి నేనే రాసుకున్నాను: “నష్టమొస్తే ఎవరి నెత్తిన?” అప్పట్నుంచి ఏ వ్యవస్థ గురించి విన్నా ముందు ఆ వరసే చూస్తున్నాను.

అపోహ: సర్కారుదైతే సోషలిజం, ప్రైవేటుదైతే క్యాపిటలిజం.

దీనికి జవాబు కోసం దూరం పోనక్కర్లేదు, కొత్తగూడెం పోతే చాలు. సింగరేణి 1886లో లండన్ పెట్టుబడితో హైదరాబాద్ దక్కన్ కంపెనీగా మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ అయింది. 1945లో అందులో పెద్ద వాటా కొని దాన్ని సర్కారు కంపెనీ చేసింది ఎవరో తెలుసా? నిజాం. ఆయన్ను సోషలిస్టు అన్నవాళ్లు నాకింకా తగల్లేదు. ఇప్పుడు రాష్ట్రానిది 51 శాతం, కేంద్రానిది 49. లాభాల్లో కార్మికులకు వాటా ఇచ్చే కంపెనీ అది. 2023-24 లాభాల్లో విస్తరణకు పక్కన పెట్టింది పోను, మిగిలినదాంట్లో 33 శాతం పంచారు. పర్మినెంటు కార్మికుడికి సగటున దాదాపు 1 లక్షా 90 వేలు వచ్చింది. అదే ప్రకటనలో కాంట్రాక్టు కార్మికుడికి 5,000. కాంట్రాక్టు వాళ్లకు అలా ఇవ్వడం అదే మొదలు కాబట్టి అదీ వార్తే అయింది.

ఒకే కంపెనీ, ఒకే బొగ్గు. గేటు దగ్గర చేతిలో ఉన్న కార్డును బట్టి రెండు వ్యవస్థలు. పైన బోర్డు మీద ఎవరి పేరుందో చూసి తీర్పు చెప్పేస్తే ఈ తేడా కంటికి ఆనదు.

అపోహ: మార్కెట్ అంటే సర్కారు లేకపోవడం.

బాబాయి చీటీలు తీయండి. పామాయిల్ పక్కా మార్కెట్ పంట అనుకుంటారు. దాన్ని నడిపేది 1993 నాటి చట్టం. ఏ మండలం గెలలు ఏ ఫ్యాక్టరీకి పోవాలో జోన్లు గీసి ఉంటాయి. మా వైపువి ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీలకు, అశ్వారావుపేటకో అప్పారావుపేటకో పోతాయి. గెల కోసిన వెంటనే ఆడించాలి, లేకపోతే నూనె చెడుతుంది. అందుకే బేరమాడుతూ కూర్చునే వీల్లేదు. టన్ను ధర నెలనెలా ప్రకటిస్తారు, ముడినూనె ధరకూ నూనె దిగుబడి శాతానికీ ముడిపెట్టి.

ముడినూనె ధర ఎక్కడ తేలుతుంది? 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా తన జనానికి వంటనూనె అందడం లేదని పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. అప్పటికే ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె రాక తగ్గి ఉంది. ఆ వేసవిలో ఇక్కడ గెలలు టన్ను 20 వేలు దాటాయి. బాబాయి బండి కొన్నాడు. మే 23న ఇండోనేషియా నిషేధం ఎత్తేసింది. మరుసటి ఏడాదికి ధర 15 వేల లోపుకు జారింది. బండి కిస్తీలు మాత్రం జారలేదు. 2024 సెప్టెంబర్‌లో ఢిల్లీ దిగుమతి సుంకం పెంచితే ధర మళ్లీ లేచింది. 2025 మే చివర్లో సుంకం తగ్గించారు. బాబాయి తోటలో ఒక్క చెట్టూ అటూ ఇటూ కదల్లేదు. జకార్తా, ఢిల్లీ ఏం చేస్తే అది ఆయన చీటీ మీదికి దిగింది.

నాయనమ్మ తునికాకూ అంతే. 1971 చట్టంతో ఆ వ్యాపారం సర్కారు చేతిలోకి వచ్చింది. యాభై ఆకుల కట్ట, కట్టకింత అని రేటు, కల్లంలో లెక్క, టెండరు పాడిన కాంట్రాక్టరు, మిగులు ఉంటే ఏరినవాళ్లకు బోనస్. పేరు చూస్తే సర్కారు వ్యాపారం, కొనేవాడు ప్రైవేటు కాంట్రాక్టరు, ఎండలో అడవి పట్టేది మా నాయనమ్మ. ఎన్ని బీడీలు అమ్ముడుపోతాయన్నదాని మీద ఆమె బోనస్ ఉంటుంది. ఆమె మాత్రం బీడీ వాసనకే ముక్కు మూసుకుంటుంది.

అపోహ: రేషన్ బియ్యం ఇస్తే జనం పని మానేస్తారు.

పామాయిల్ మొక్క నాలుగో ఏడు గానీ చేతికి రాదు. ఎకరానికి 57 మొక్కలు, పాతికేళ్లకు పైగా ఆ నేలలోనే ఉంటాయి. ఆ మొదటి నాలుగేళ్లు ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? అంతర పంట కొంత, కూలి కొంత, రేషన్ బియ్యం కొంత. తిండిగింజలకు ధీమా లేని రోజుల్లో మా తాత ఇలాంటి పంట పెట్టేవాడే కాదు, జొన్న విత్తి ఊరుకునేవాడు. నాయన ఇవాళ ఇంత సాహసానికి దిగుతున్నాడంటే వెనక ఆ బియ్యం బస్తా ఉంది. ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు దీని గురించి.

అపోహ: ప్రణాళిక ఉంటే నిశ్చింత, మార్కెట్ అయితే అనిశ్చితి.

మా మండలంలోనే పూసుగూడెం, కమలాపురం దగ్గర సీతారామ ఎత్తిపోతల పంప్‌హౌస్‌లు ఉన్నాయి. 2016లో శంకుస్థాపన, 2024 ఆగస్టు 15న ప్రారంభం. ఈ మధ్యలో డిజైన్లు మారాయి, అంచనాలు పెరిగాయి, ప్రభుత్వం మారింది. కాలువ ఏ చేను పక్కనుంచి పోతుందో, ఏ చేనుకు నీళ్లిస్తుందో అన్న అనిశ్చితికి వ్యాపారులు కారణం కాదు. ప్రణాళికలోనూ జూదం ఉంటుంది. అందులో ఆడేది ఒకరు, పణంగా పోయేది ఇంకొకరి చేను.

ప్రణాళిక కింద పొట్ట నిండని పల్లె చైనాలో ఒకటి ఉంది, పేరు షావోగాంగ్. 1978లో అక్కడి 18 కుటుంబాలు కమ్యూన్ భూమిని రహస్యంగా ఇంటింటికీ పంచుకుని కాగితం రాసుకున్నాయి: సర్కారు వాటా సర్కారుకు కొలుస్తాం, మిగిలింది ఎవరిది వాళ్లు ఉంచుకుంటారు. మార్కెట్ వాదులు ఈ కథను ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు. ఆ కాగితంలో ఇంకో షరతు ఉంది: ఎవరైనా జైలుకు పోతే వాళ్ల పిల్లల్ని పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా మిగతావాళ్లు సాకాలి. లాభం ఎవరిది వాళ్లకు, నష్టం అందరికీ. నా పట్టికలో చివరి వరసకు దొరికిన సరైన జవాబు అదే. ఆ జవాబు రాసినవాళ్లకు ఏ వాదమూ పట్టలేదు, ఆకలి పట్టింది.

అపోహ: ఈ వయసుకు దారి తేలలేదంటే లోపం నీలోనే ఉంది.

ఇది పుస్తకాల్లో ఉండదు, పెళ్లిళ్లలో ఉంటుంది. “ఇప్పుడేం చేస్తున్నవ్ బిడ్డా?” అని మామయ్య అడుగుతాడు. ప్లేట్లో అన్నం చల్లారిపోతుంది.

ఫ్రాంక్ నైట్ అనే అమెరికా ఆర్థికవేత్త 1921లో ఒక తేడా చెప్పాడు. ముప్పు ఒకటి, అనిశ్చితి ఒకటి. ముప్పును లెక్క కట్టవచ్చు. పదేళ్లలో ఎన్నిసార్లు వాన తప్పిందో చూసి బీమా అమ్మవచ్చు. అనిశ్చితికి లెక్క ఉండదు, ఎందుకంటే లెక్క కట్టడానికి అలాంటిది ఇదివరకు జరిగి ఉండాలి. 2050లో పామాయిల్ ధర ఎంత? నేను హైదరాబాద్‌లో నేర్చుకోబోయే పని అప్పటికి ఉంటుందా? బీడీ తాగేవాళ్లు ఉంటారా? వీటికి జవాబు చెప్పలేకపోవడం నా చదువులో లోపమని ఇన్నాళ్లు అనుకున్నాను. నైట్‌ను చదివాక మామయ్య ముందు కొంచెం నిటారుగా కూర్చోగలుగుతున్నాను. మామయ్యకు నైట్ ఎవరో చెప్పలేదు. అన్నం చల్లారేది.

వానలు పడకముందే గుంతలకు గుర్తులు పెట్టాలని నాయన తాడు తెచ్చాడు, తొమ్మిది మీటర్లకు ముడులు వేసి. మొక్కకూ మొక్కకూ మధ్య అంత దూరం ఉండాలి, మూడు మొక్కలు కలిస్తే ముక్కోణం కావాలి. నేను ఉంటానో పోతానో ఇంకా చెప్పలేదు, ఆయన అడగనూ లేదు. “ఆ కొస పట్టుకో, సడలనియ్యకు” అన్నాడు. పట్టుకున్నాను. సాయంత్రానికి ఒక ఎకరం అయింది. లెక్క పెడితే 57 మీద రెండు ఎక్కువొచ్చాయి. కొలతలో ఎక్కడో నా వైపే తాడు సడలి ఉంటుందన్నాడు నాయన. రేపు మళ్లీ మొదటి సాలు నుంచి కొలవాలి.